నూరు గింజల మూట

వినీల కాపురం మేడ మీది గదికి మారి తొమ్మిది నెలలైంది. కాపురమంటే ఏముంది, ఒక నవారు మంచం, ఒక కంచం, రెండు గ్లాసులు, మూత బిగిసే ఉమ్ము డబ్బా, ఎప్పుడూ తెరిచే ఉండే కిటికీ. కింద రెండు గదుల్లో భర్త జాన్‌బాబు ఉంటాడు. ఆటోనగర్‌లో లేతు పని అతనిది. పొద్దున్నే వండి, క్యారేజీ సర్ది, మెట్ల చివర పిట్టగోడ మీద పెట్టి, "పెట్టానూ" అని ఒక కేక వేసి పోతాడు. మొదట్లో ఆ కేక వినపడేది. ఆరు నెలలపాటు వారానికి ఆరు సూదులు పొడిపించుకున్నాక చెవుల్లో ఒక మోత మిగిలింది. ఎక్కడో పొలంలో ఎవరో ఇంజను వేసి ఆపడం మరిచిపోయినట్టు ఉంటుంది. ఇప్పుడు ఆమె కేక కోసం చూడదు, మెట్ల వైపు చూస్తుంది. క్యారేజీ ఉంటే అతను వెళ్లిపోయినట్టు.

భవానీపురంలో ఆ వీధికి ఆ చివర ప్రార్థన మందిరం ఉంది. ఆదివారాలు మైకులో పాట వస్తుంది. రొట్టె విరిచే ఆదివారం అందరూ ఒకే గిన్నె నుంచి ద్రాక్షరసం తాగుతారు. ఎవరూ రావద్దనలేదు గానీ, వినీల ఆ గిన్నెను తలుచుకుని తానే మానుకుంది. పాట మాత్రం మేడ మీద నుంచే వింటుంది. ఈమధ్య సన్నగొంతులు వినిపించడం లేదు, మగవాళ్ల గొంతులే వస్తున్నాయి. పిల్లలు పాడటం మానేశారేమో అనుకుంది కొన్నాళ్లు. ఆ తరవాత అర్థమైంది, సన్నటి శబ్దాలు తన చెవులకే అందడం లేదని.

వాళ్ల కూతురు కెజియాకి ఆరేళ్లు. గన్నవరంలో నానమ్మ అమలమ్మ దగ్గర పెరుగుతోంది. నెలకొక ఆదివారం జాన్‌బాబు దాన్ని తెచ్చి మేడెక్కిస్తాడు. గది గుమ్మానికి అయిదు మూరల దూరంలో డాబా మీద వినీల సుద్దముక్కతో ఒక గీత గీసింది. టేపు పెట్టి కొలిచి మరీ గీసింది. గీత అవతల పిల్ల, ఇవతల తల్లి. పిల్ల ముక్కుకీ నోటికీ చేతిరుమాలు కట్టుకోవాలి. అలా గంట సేపు కూర్చుని బడి కబుర్లు చెప్పి వెళ్లిపోతుంది. పిల్లలకి ఏదైనా రెండు రోజుల్లో అలవాటవుతుంది. మూడోసారి వచ్చినప్పుడు కెజియాయే వంగి చూసి, "అమ్మా, ఇక్కడ చెరిగింది, మళ్లీ గియ్యి," అని చూపించింది. వినీల గీసింది. నా పిల్ల ఎంత బుద్ధిమంతురాలు అనుకుంది. ఆ రోజు అన్నం మాత్రం సయించలేదు.

జబ్బు సంగతి చెప్పాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. మొదట దగ్గు, తరవాత సాయంత్రపు జ్వరం, ఆరు నెలల మాత్రలు, తగ్గినట్టే తగ్గి మళ్లీ దగ్గు, మళ్లీ మాత్రలు, ఈసారి సూదులతో సహా. ఏ డాక్టరూ మందు పనిచేస్తోందో లేదో చెప్పలేకపోయాడు. ఈ సంవత్సరం జనవరిలో టీబీ యూనిట్ సూపర్‌వైజరు వెంకటకృష్ణారావు ఆమె తెమడని డబ్బాలో భద్రం చేయించి హైదరాబాదు పంపించాడు. కొత్త పరీక్ష వచ్చిందన్నాడు. క్రిమిని పెంచక్కర్లేదు, దాని లోపలి రాతని నేరుగా చదివేస్తుంది, కాగితం పట్టీ మీద గీతలు తేలతాయి, ఉండాల్సిన గీత లేకపోతే ఆ మందుకి అది లొంగదని అర్థం అని చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. రెండు ముఖ్యమైన మందుల దగ్గర గీతలు లేవు. అవే మాత్రలు ఆమె రెండేళ్లు మింగింది.

మందులు మార్చారు. రెండేళ్ల కోర్సు అన్నారు. కానీ నయమవుతోందా లేదా అని చూసే పరీక్ష మాత్రం పాతదే, కల్చర్. తెమడని సీసాలో వేసి వెచ్చగా ఉంచి, ఏదైనా పెరుగుతుందేమో చూస్తారు. దానికి రెండు నెలలు పడుతుంది. వారంలో తేల్చేది చేతిలో ఉండగా రెండు నెలలు కూర్చోబెట్టడమెందుకో వినీలకి అర్థం కాలేదు. అడగలేదు కూడా.

అడగకపోవడానికి కారణం అమలమ్మ. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఒక మిషను ఆస్పత్రి క్షయ వార్డులో ఆయాగా చేసింది. నయమైందని చప్పట్లు కొట్టి పంపినవాళ్లు మళ్లీ మంచం మీద రావడం కళ్లారా చూసిన మనిషి. అందుకే ఒక్కటే మాట అంది, కాగితం మూడుసార్లు మంచిగా రావాలి, అప్పుడే పిల్లని తల్లి దగ్గర ఉంచుతాను అని. కోపంగా అనలేదు. కోపంగా అంటే వినీల ఎదురు చెప్పేది.

ఆగస్టులో ఒక కాగితం మంచిగా వచ్చింది. అక్టోబరు మొదట్లో రెండోది. మూడోసారి ఇచ్చిన తెమడ హైదరాబాదు దారిలో ఉండగా కృష్ణకి వరదొచ్చింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, రోడ్లు తెగిపోయాయి, ఏటి ఒడ్డు వీధులవాళ్లు బడి గదుల్లో తలదాచుకున్నారు. ఆమె తెమడ ఎక్కడ ఆగి చెడిపోయిందో ఎవరికీ తెలీదు. ఇంకోసారి ఇచ్చింది. డిసెంబరు ఆఖరుకి వస్తుందన్నారు. వరదల మూలంగా ఆ నెల కెజియా రాలేదు. డాబా మీద గీతని వానలు కడిగేశాయి. ఎలాగూ పిల్ల లేదని వినీల మళ్లీ గీయలేదు.

ఇంకో రెండు నెలలు. ఆ మాట ఆమె గుండెల మీద రోలు పెట్టినట్టు కూర్చుంది. నవంబరులో ఒక పొద్దున మూతికి గుడ్డ కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి, ఊళ్లో ఒక ప్రైవేటు ల్యాబుకి వెళ్లింది. కౌంటరు దగ్గర అమ్మాయిని అడిగింది, ఇది క్రిమి రాతని చూసే పరీక్షేనా అని. ఆ జాతిదేనండీ, మూడు రోజుల్లో ఇస్తాం అంది ఆ అమ్మాయి. ఫారంలో ఒక గడి ఉంది, ఇంతకుముందు వైద్యం చేయించుకున్నారా అని. వినీల కలం పట్టుకుని ఆగింది. పాత సంగతి చెబితే పాత కళ్లతోనే చూస్తారు, ఏమీ తెలియనట్టు చూసి చెబితేనే నిజం తెలుస్తుంది అనుకుంది. ఆ గడి ఖాళీగా వదిలేసింది. తెమడ కూడా సరిగ్గా రాలేదు. ఎండిన బావిలో చేద వేసినట్టు లాగి లాగి కాస్త ఇచ్చింది. అదే మంచి గుర్తనుకుని లోలోపల సంతోషించింది.

మూడో రోజు కాగితం తెచ్చుకుంది. దాని మీద 'పాజిటివ్' అని అచ్చయి ఉంది.

ఇంటికెలా వచ్చిందో ఆమెకే గుర్తులేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిలు అట్టలో దాచింది. జనవరిలో రెండేళ్ల అబద్ధాన్ని వారంలో బయటపెట్టింది ఇలాంటి పరీక్షే కదా. అది అబద్ధం చెప్పదు. ఆ సీసాలవాళ్లే ఏదో పొరపాటు చేసి ఉంటారు. తొమ్మిది నెలల మందులు, సూదులు, పోయిన చెవులు, అన్నీ వృథా. ఇన్నాళ్లూ గీత ఇవతల నుంచి పిల్ల మీదికి జబ్బే ఊదుతున్నానేమో అనిపించింది. అయిదు మూరలు చాలతాయని ఎవరు చెప్పారు? తానే అనుకుంది.

ఆ శనివారం జాన్‌బాబు మెట్ల మీద నిలబడి, రేపు కెజియాని తెస్తున్నానని చెప్పాడు. వద్దండి అంది.

"వరదకి ఒక నెల పోయింది. ఇప్పుడేమొచ్చింది?"

"నాకు ఒంట్లో బాగుండలేదు."

"బాగుంటే మాత్రం ఒళ్లో కూర్చుంటుందా? గీత అవతలే కదా దాని చోటు."

అతను ఒక మెట్టు ఎక్కి, ఆమెకి వినపడాలని కాస్త గట్టిగా అడిగాడు. "వినీలా, నీకు పిల్లని చూడాలని లేదా?"

నిజం చెబితే అతను అమలమ్మకి చెబుతాడు. ఆ తరవాత డిసెంబరు కాగితం ఎంత మంచిగా వచ్చినా పిల్ల రాదు. చెప్పకపోతే రేపే వస్తుంది. ఈ రెండింటి మధ్య ఆమెకి ఒక్కటే దారి కనబడింది.

"లేదు," అంది.

జాన్‌బాబు సరేనని దిగిపోయాడు. మర్నాటి నుంచి క్యారేజీ వేళకే వచ్చింది. కేక మాత్రం రాలేదు. వినపడక కాదు. అతను పెదవులు కదపడం లేదని ఆమె కిటికీలోంచి చూసింది.

రోజూ మాత్రలు మింగించడానికి పక్క వీధి అంగన్‌వాడీ టీచరు రామతులసి వస్తుంది. యాభై ఏళ్ల మనిషి. కళ్ల ముందు మింగితేనే లెక్క అని ప్రభుత్వం పెట్టిన నియమం. మెట్లెక్కి ఆయాసపడుతూ పిట్టగోడకి ఆనుకుని, గుప్పెడు మాత్రలు చేతిలో పోసి, ఇవి మందులు కావమ్మా, మరమరాలు, ఉల్లిపాయ తరిగి పెట్టుకో అని రోజూ ఒకటే జోకు వేస్తుంది. మీరే తినండి టీచరుగారూ, నేను చూస్తాను అని వినీల రోజూ ఒకటే జవాబిస్తుంది. ఆ వారం వినీల మాట్లాడకుండా మింగి నీళ్లు తాగింది.

"నువ్వు ఎదురు చెప్పకపోతే నాకు డ్యూటీ చేసినట్టే లేదు," అంది రామతులసి. "ఏమైందే?"

ఏమీ లేదంది వినీల. ఆవిడ కార్డులో టిక్కు పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది.

ఆ మరుసటి సోమవారం వినీల తండ్రి అబ్రహాము వచ్చాడు. కూచిపూడి దాటి కరకట్ట లోపలి లంక ఊరు వాళ్లది. వరద ఆయన ఇంట్లో నడుములోతు నిలబడి వెళ్లింది. దాళ్వా పంటకి దాచిన విత్తన వడ్ల బస్తాలు అటక మీదే ఉన్నా, అడుగు వరస తడిసింది. ప్రభుత్వం కొత్త విత్తనం ఇస్తుందంటే ఆఫీసుకి వచ్చాడు. గురువారం రమ్మన్నారట. ఆయన ఎప్పుడొచ్చినా తిన్నగా గదిలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చునేవాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, నీ జబ్బు నాలో ఏం పండిస్తుందే అనేవాడు. ఈసారి వినీల ఆయన్ని గుమ్మం దగ్గరే ఆపి, దూరంగా, గాలి వచ్చే వైపు కూర్చోబెట్టింది. ఆయన ముఖం చిన్నబోయింది కానీ కారణం అడగలేదు.

జేబులోంచి గుడ్డమూట తీసి విప్పాడు. వడ్లు. బంగారంలా ఉన్నాయి.

"ఇవి ఆ తడిసిన బస్తాలోవి. బాగా ఆరబెట్టాను. చూడు, రంగు తగ్గిందా? లేదు. పంటి కింద కటుక్కుమంటున్నాయి. నీళ్లలో వేస్తే మునుగుతున్నాయి. అయినా నేను నమ్మను."

"మరెలా తెలుస్తుంది నాన్నా?"

"ఎలా ఏముంది, మొలవాలి. మొలవకపోతే అది గింజ కాదమ్మా, గింజ బొమ్మ."

ఆయన నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో కట్టాడు. ఆ నాలుగు రోజులూ కొడుకు వరస వాళ్లింట్లో ఉంటానని, అక్కడ చూసేవాళ్లు లేరని, రోజుకి మూడుసార్లు నీళ్లు చిలకరించమని, నీకైతే తీరిక ఉంది కదా అని ఆమెకే అప్పజెప్పాడు. తీరిక అన్న మాట ఆయన నొప్పించాలని అనలేదు.

మూడు రోజులు వినీల ఆ మూటకి నీళ్లు చిలకరించింది. చిన్నప్పుడు ఇంట్లో చేసిన పనే. విప్పి చూడకూడదు, గాలి తగిలితే ఆరిపోతాయి. పొద్దున ఒకసారి, భోజనం తరవాత ఒకసారి, దీపాల వేళ ఒకసారి. ఎవరికోసమో ఏదో చేసి చాలా నెలలైంది. ఆ తడిమూటని కిటికీ గట్టు మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

గురువారం అబ్రహాము వచ్చి విప్పాడు. ఇద్దరూ కలిసి ఏరారు. పద్దెనిమిది గింజలకి తెల్లటి ముక్కుల్లాంటి మొలకలు వచ్చాయి. మిగతా ఎనభై రెండూ నాని, ఉబ్బి, అలాగే ఉన్నాయి. వినీల రెండు గింజల్ని అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది. సోమవారం ఈ రెండూ ఒకే లాగా ఉన్నాయి. రంగు చూసినా, తూకం వేసినా, పైనా లోపలా ఎలా చూసినా వడ్లే. ఒకటి బతికి ఉంది, ఒకటి ఎప్పుడో చచ్చిపోయింది.

"బస్తా పోయినట్టే," అన్నాడు అబ్రహాము. "పోతే పోయింది, దంచుకు తింటాం. చచ్చిన విత్తనంతో చేనుకి లాభం లేదు గానీ భయమూ లేదు."

వినీల తలెత్తింది. ఆయన మూట దులిపి, గుడ్డ పిండి, చెప్పులేసుకుని వెళ్లిపోయాక కూడా ఆమె చేతిలో ఆ రెండు గింజలు ఉన్నాయి. రెండు నెలలు సీసాలో వేసి ఉంచేది ఇందుకేనా? పెరుగుతుందేమో చూడటానికేనా? మరి ఆ మూడు రోజుల పరీక్ష ఏం చూసింది?

మర్నాడు ఆమె బైబిలు అట్టలోంచి కాగితం తీసుకుని టీబీ యూనిట్‌కి వెళ్లింది. వెంకటకృష్ణారావు బల్ల ముందు నిలబడి, దారంతా మనసులో కూర్చుకున్న మాటని ఒక్క అక్షరం పోకుండా అడిగింది.

"ఈ పరీక్ష బతికి ఉన్నవాటినే చూస్తుందాండీ, చచ్చినవాటిని కూడా చూస్తుందా?"

ఆయన కాగితం చూశాడు, తేదీ చూశాడు, ఆమెని చూశాడు. కూర్చోమన్నాడు.

"రెండింటినీ చూస్తుందమ్మా. రాత ఉంటే చాలు దానికి. మందులు చంపినవాటి ముక్కలు ఊపిరితిత్తుల్లో నెలల తరబడి ఉంటాయి, అవి కూడా పాజిటివ్ అనే వస్తాయి. అందుకే జబ్బు పట్టుకోవడానికి ఈ పరీక్ష, తగ్గుతోందో లేదో చూడటానికి కల్చర్. మీరు మందులు వాడుతున్నారని ల్యాబువాళ్లకి చెప్పారా?"

"లేదండీ."

"చెబితే వాళ్లే ఈ మాట చెప్పేవాళ్లేమో." ఆయన కసిరినట్టు అనలేదు. అయినా ఆమె ఆ ఖాళీ గడిని తలుచుకుని తల దించుకుంది.

"అయితే నాకు తగ్గిపోయినట్టేనాండీ?"

"ఆ మాట నేను అనను. రెండుసార్లు ఏమీ పెరగలేదు. మూడోది డిసెంబరులో తెలుస్తుంది. మందులు ఇంకా ఏడాది పైన ఉన్నాయి, ఒక్క రోజు మానడానికి లేదు." కాగితం మడిచి ఇస్తూ ఆగాడు. "ఇంట్లో పిల్లలున్నారా?"

ఉందని, గన్నవరంలో ఉంచామని, వచ్చినా దూరంగానే కూర్చోబెడతానని చెప్పింది.

"ఇంకా దూరంగానా? రెండో కాగితం వచ్చినప్పుడే ఆ అవసరం తీరిపోయింది. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. అక్టోబరు మొదటి వారం నుంచి ఆమె రోజులు లెక్కపెట్టింది. నలభై ఏడు.

ఆ సాయంత్రం జాన్‌బాబు పని నుంచి వచ్చేసరికి వినీల కింది మెట్టు మీద కూర్చుని ఉంది. తొమ్మిది నెలల్లో అతను ఇల్లు చేరేటప్పుడు ఆమె అలా ఎదురుగా ఉండటం అదే మొదలు. కాగితం చూపించి, మొదటి నుంచి ఆఖరు దాకా చెప్పింది. ల్యాబుకి వెళ్లిన సంగతి, ఫారంలో గడి, వడ్ల మూట, అన్నీ. చివర ఒక మాట అంది.

"చూడాలని లేదన్నది అబద్ధం."

జాన్‌బాబు చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. "ఆ మాటని వారం రోజులు మోశాను వినీలా," అన్నాడు. అంతే. ఆమె పక్కన కూర్చోలేదు. లోపలికి వెళ్లి తల్లికి ఫోను కలిపి, రిసీవరు తెచ్చి వినీల చేతికిచ్చాడు.

అమలమ్మ మొత్తం విని, ఆ టీబీ యూనిట్ పెద్దాయన నోటితో చెప్పాడా అని రెండుసార్లు అడిగింది. చెప్పాడంది వినీల. కాసేపు ఏమీ వినపడలేదు. ఆవిడ మాట్లాడలేదో, తన చెవికి అందలేదో వినీలకి తెలియలేదు. తరవాత గొంతు వచ్చింది, ఆదివారం నేనే తీసుకొస్తాను, నేను కిందే కూర్చుంటాలే, మోకాళ్లతో మెట్లెక్కలేను అని. అది మోకాళ్ల నొప్పో, ఆ పాత వార్డు భయమో వినీల అడగలేదు. ఆ మాత్రం ఆవిడకి వదిలేసింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. మందిరం మైకులో పాట మొదలైన కాసేపటికి కెజియా మెట్లెక్కి వచ్చింది. రెండు నెలల్లో పిల్ల పొడుగు సాగింది. ముందు పన్ను ఊడింది. డాబా మీదికి రాగానే జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకీ నోటికీ కట్టుకుంది. నడుస్తూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ గీత లేదు. అయినా టేపు పెట్టి చూసినా అంగుళం తేడా రాదు, సరిగ్గా అక్కడే ఆగింది. బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

గుమ్మంలో నిలబడిన వినీల చాచబోయిన చేతులు దించుకుంది.

"అమ్మా, గీత లేదు."

"వానకి పోయిందమ్మా."

"నాకు తెలుసు. నాన్న చెప్పాడు వానలని." కెజియా గౌను జేబులో వెతికి ఒక సుద్దముక్క తీసింది. "మా టీచర్ని అడిగి తెచ్చా. మళ్లీ గియ్యి." లేచి ఇవ్వకూడదు కాబట్టి, సుద్దముక్కని నేల మీద పెట్టి తల్లి వైపు దొర్లించింది. అది అయిదు మూరలూ దొర్లి వినీల కాలి దగ్గర ఆగింది.

ఇక గీత అక్కర్లేదని చెప్పొచ్చు. చెబితే పిల్ల నమ్మాలి కదా. తొమ్మిది నెలలు నేర్పింది తానే, ఒక్క మాటతో పోతుందా? వినీల సుద్దముక్క తీసుకుంది. పిల్లకి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లి, దాని వెనక, మెట్ల దగ్గర వంగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక గీత గీసింది. తిరిగి వచ్చి తన చోట కూర్చుంది.

కెజియా మెడ తిప్పి గీతని చూసింది. కిందకి చూసుకుంది. మళ్లీ గీతని చూసింది.

"అమ్మా, నేను ఇటు పక్కకొచ్చేశా."

"అవును. ఇటు పక్కే నీ చోటు ఇకనుంచి."

పిల్ల ఆలోచించింది. కళ్లు తల్లి మీదే ఉన్నాయి. రుమాలు మీద నుంచి ఆ కళ్లు అచ్చం అమలమ్మవే. "కాసేపు ఇక్కడే కూర్చుంటా," అంది.

"కూర్చో."

వినీల దగ్గరికి పిలవలేదు. తానూ జరగలేదు. ఇద్దరి మధ్యా అయిదు మూరల ఎండ ఉంది, దాని మీద ఏ గీతా లేదు. చెవుల్లో ఇంజను ఆడుతూనే ఉంది. పన్ను ఎప్పుడు ఊడిందని అడిగింది. కెజియా చెప్పడం మొదలుపెట్టింది. రుమాలు వెనక మాటలు ఆమెకి సగమే అందాయి. మిగతా సగానికి తల ఊపింది.

పిల్ల మాట ఆపి కిందికి చెవి ఒగ్గింది. "నానమ్మ పిలుస్తోంది. టైమైందా అంటోంది."

"నాకు వినపళ్లేదమ్మా. ఏం చెబుదాం?"

"ఇంకా అవలేదని చెప్పు."

"నువ్వే చెప్పు. గట్టిగా అరిస్తే నాకు దగ్గొస్తుంది."

కెజియా లేచి నిలబడి, రుమాలు చుబుకం కిందికి లాక్కుని, పిట్టగోడ వైపు తిరిగి, "ఇంకా అవలేదు నానమ్మా," అని అరిచింది. ఆ అరుపు సన్నగా ఉన్నా వినీలకి మొత్తం వినపడింది. పిల్ల మళ్లీ కూర్చుని, ఊడిన పన్ను కథ ఆపిన చోట నుంచి అందుకుంది. రుమాలు పైకి లాక్కోవడం మరిచిపోయింది.